మోతీ చార్జి
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు, "మీరు గుర్రాల గురించి చెప్పండి, ఇంటివాళ్లు కూడా వింటారు" అన్నారు. నిజానికి నాకు బాగా తెలిసింది అదొక్కటే. 1971లో ఒక గుర్రపు దళంలో సాయీసుగా చేరి, 2006లో రిటైరయ్యాను. సాయీసు అంటే గుర్రాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. పొద్దుటిపూట వాటికి వ్యాయామం చేయించడానికి మేమూ ఎక్కేవాళ్లం.

తెల్లవారుజామున నాలుగున్నరకు మా డ్యూటీ మొదలు. ముందు నీళ్లు, తర్వాత దాణా. ఈ వరస తప్పకూడదు. గుర్రానికి ఒళ్లు ఎంత పెద్దదో లోపలి జీర్ణాశయం అంత చిన్నది. అందుకని ఒకేసారి కుమ్మరించకుండా రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. పైగా మనకు అయినట్టు గుర్రానికి వాంతి కాదు. తిన్నది ముందుకు కదలాల్సిందే. అందుకే మనకు కడుపునొప్పి ఒక పూట బాధ, గుర్రానికి ప్రాణగండం.

చలికాలంలో ఇంకా జాగ్రత్త కావాలి. డిసెంబరు తెల్లవారుజామున కళ్లెం ఇనుము మంచుముక్కలా ఉంటుంది. దాన్ని అరచేతుల మధ్య రుద్ది, వెచ్చబడ్డాకే నోట్లో పెట్టేవాళ్లం. జీను పట్టీ బిగిస్తుంటే కొన్ని గుర్రాలు ఊపిరి బిగబడతాయి. నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించకపోతే, ఎక్కినవాడు జీనుతో సహా పక్కకు జారిపోతాడు. మొదటి పది నిమిషాలు నడకే. ఆ తర్వాతే దుల్కీ, ఆ తర్వాతే దౌడు. తిరిగొచ్చాక చెమట ఆరేదాకా నడిపించి, ఒళ్లు తోమి, కంబళి కప్పి, నాలుగు గిట్టలూ ఎత్తి రాళ్లు, మట్టి తీసి చూడాలి. లాడాలు ఆరు వారాలకోసారి మార్చేవాళ్లం.

1975లో మోతీ అని ఒక ఆడ గుర్రం నా చేతికి వచ్చింది. నాలుగేళ్ల వయసు, ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్లచుక్క. డప్పు మోగితే లాయం గోడ ఎక్కేసేంత బెదురు. ఊరేగింపుల్లో నిలబడాల్సిన గుర్రానికి ఆ బెదురు ఉంటే ఎలా? దాన్ని కొట్టి మాన్పలేం. దాణా పెట్టే వేళకు దూరంగా ఒకణ్ని నిలబెట్టి మెల్లగా డప్పు కొట్టించాను. రోజుకు రెండడుగులు దగ్గరికి తెచ్చాం. పక్కన ఎప్పుడూ ఒక ముసలి గుర్రాన్ని కట్టేవాణ్ని. అది నింపాదిగా తింటుంటే చూసి ఇదీ తినేది. నెలన్నర తిరిగేసరికి డప్పు వినిపిస్తే దాణా వస్తోందని చెవులు నిక్కించేది.

మోతీకి ఒక అలవాటు ఉండేది. చలికాలంలో చన్నీళ్లు ముట్టేది కాదు. మూతి తడిపి వదిలేసేది. బకెట్టులో ఒక చెంబుడు వేణ్నీళ్లు కలిపితే గటగటా తాగేది. ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. నాకొక్కడికే తెలుసు.

1988లో మోతీ ముందు కాలి కీలు వాచింది. మందులు వాడినా కుంటు పోలేదు. "పనికిరాదు" అని ఫైలు మీద రాసి వేలానికి పెట్టారు. ఏ ఊళ్లో, ఏ ఆఫీసులో అన్నది వదిలేయండి. పదమూడేళ్లు చాకిన గుర్రాన్ని వేలంపాటలో చూడలేక ఆ రోజు క్యాజువల్ లీవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. నేను చేసిన తప్పు అదే. మనమంతా ఉద్యోగాలు చేసినవాళ్లం. సీటు మారేటప్పుడు బీరువా తాళంచెవి దగ్గర్నుంచి అప్పగించి సంతకం పెడతాం. ప్రాణమున్న జీవాన్ని మాత్రం నేను చార్జి ఇవ్వకుండా వదిలి వచ్చాను.

రెండు నెలలకు, సంక్రాంతి ముందు, రైల్వేస్టేషను దగ్గర జట్కాల వరసలో మోతీ కనిపించింది. పిలిచాను. చెవులు తిప్పింది గానీ తల ఎత్తలేదు. ముందు కాలితో నేల గీరుతోంది, మాటిమాటికీ తిరిగి తన డొక్కకేసి చూసుకుంటోంది. జట్కా తోలే ఆయన నాకంటే పెద్దవాడు. "నిన్నట్నుంచి మేత ముట్టట్లేదు బాబూ, లద్దె కూడా వెయ్యలేదు" అన్నాడు. "నీళ్లు తాగుతోందా బాబాయ్?" అని అడిగాను. "కుళాయి నీళ్లు పెడుతున్నా, మూతి పెట్టి వదిలేస్తోంది" అన్నాడు. నా గుండె జారిపోయింది.

పశువుల డాక్టరుగారిని ఇంటి దగ్గర్నుంచి తీసుకొచ్చాను. ఆయన ముక్కులోంచి గొట్టం వేసి నూనె పట్టించారు. పొర్లాడకుండా కాపు కాస్తూ, మధ్యమధ్య మెల్లగా నడిపిస్తూ ఇద్దరం రాత్రంతా కూర్చున్నాం. తెల్లవారి లద్దె వేసింది. లద్దె చూసి ఇద్దరు మగవాళ్లు కళ్లు తుడుచుకోవడం ఆ స్టేషను దగ్గర ఎవరూ చూసి ఉండరు.

ఆ పొద్దున చార్జి అప్పగించాను. వేణ్నీళ్ల సంగతి, వాచిన కాలి సంగతి, జీను ఒరుసుకునే చోట మెత్త వేయడం, అన్నీ చెప్పాను. ఆదివారాలు వెళ్లి గిట్టలు చూసి వచ్చేవాణ్ని. రెండేళ్ల తర్వాత కుంటు ఎక్కువైతే ఆయన మోతీని బండికి కట్టడం మానేశాడు. అమ్మలేదు. ఇంకో గుర్రాన్ని కొనుక్కుని, మోతీని పెరట్లో కట్టి, పోయేదాకా మేత వేశాడు. "ఇదేమిటి బాబాయ్?" అంటే, "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారుగా బాబూ" అని నవ్వాడు. నలుగురూ ఎగతాళికి వాడే సామెతను ఆయన ధర్మం చేసి చూపించాడు.

పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982లో ఇదే తారీఖున నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మనం ఈ రోజు ఇక్కడ కలిశాం. మోతీ కోర్టుకు వెళ్లలేదు. దాని పెన్షను ఒక బీద జట్కా మనిషి తన జేబులోంచి ఇచ్చాడు.

జట్కాలు పోయినా పెళ్లి ఊరేగింపుల్లో గుర్రాలు ఉన్నాయి. మీ మనవడి పెళ్లికి గుర్రాన్ని తెప్పిస్తే మూడు పనులు చేయండి. ఎక్కించే ముందు ఒక బకెట్టు నీళ్లు పెట్టించండి. దాని కాళ్ల దగ్గర టపాకాయలు కాల్చనివ్వకండి. కుంటుతున్నా, వీపు మీద పుండు కనిపించినా వెనక్కి పంపేయండి. వయసు వల్ల గానీ జబ్బు వల్ల గానీ పనికి తగని స్థితిలో ఉన్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

నాకు తెలిసింది చెప్పాను. ఈసారి లీవు పెట్టలేదు, చార్జి మీకు అప్పగించాను. సెలవు.