హోసూరు: కొత్త ఊరి పాతకథ



హోసూరు చరిత్రను గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు నన్ను ఆదేశించారు. ఊరి పేరుతోనే మొదలుపెడతాను. 'హొస ఊరు' కన్నడమాట. కొత్త ఊరని అర్థం. తమిళ శాసనాలలో దీని పాతపేరు సెవిడపాడి. ఈ సీమను మన పూర్వులు మొరసునాడు అన్నారు. పేరు కన్నడం, శాసనం తమిళం, ఎన్నో ఇళ్లలో మాట తెలుగు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని తొలగించినా హోసూరు చరిత్ర కుంటిదవుతుంది.

టిప్పు సుల్తాను ఓటమితో 1792లో కృష్ణగిరి, బారామహల్ సీమ కుంపిణీ వశమయ్యాయి. కనుమల పైనున్న హోసూరుకు 1799లో అదే గతి పట్టింది. బారామహల్‌లో రీడ్ దొర కింద ఏడేళ్లు భూములు కొలిచి శిస్తులు కట్టిన థామస్ మన్రో, 1800లో కడప, అనంతపురం, బళ్లారి సీమలకు వెళ్లాడు. రాయలసీమ రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు కదా, ఆ మన్రో రైతువారీ పద్ధతికి ఓనమాలు దిద్దుకొన్నది మన సీమలోనే.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మనం ఇవతల ఉండిపోయాము. 1956లోనూ మన గీత కదలలేదు. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న అసువులు బాసిననాడు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నది రాజాజీ. ఆయన పుట్టిన తొరపల్లి మన హోసూరు పక్కపల్లె! నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి.

తరువాతి కథ మీ ఎరుకలోనిదే. సిప్‌కాట్ వచ్చింది, కర్మాగారాలు లేచాయి, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది, 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. పనికోసం నలుదిక్కుల జనం చేరారు. చేరనివ్వండి. చంద్రచూడేశ్వరస్వామి రథోత్సవంలో తేరుతాడు పట్టిన చేతులను ఏ నుడివారివని అడిగేవారున్నారా?

పొరుగు ఏలుబడిలో తమ నుడిని నిలుపుకోవలసిన అవస్థ మన ఒక్కరిదే కాదు. ఐరోపాలో డాన్యూబు నది ఒడ్డున నోవీ సాద్ అనే సెర్బియా నగరముంది. ఆ పేరుకూ 'కొత్త నాటు' అనే అర్థం. మన కొత్త ఊరికి దూరపు చుట్టమనుకోండి. 1918 దాకా అది సెర్బియాలో లేదు, ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తుల ఏలికలో ఉండేది. 1849లో ఎదుటి గట్టు కోటనుండి కురిసిన ఫిరంగి గుండ్లకు ఊరిలో చాలాభాగం నేలమట్టమయింది. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1861లో, అక్కడి సెర్బులు తమ నుడిలో నాటకశాల నెలకొల్పుకొన్నారు. 1826లో పెస్ట్ నగరంలో ఒక రచయిత, కొందరు వర్తకులు కలిసి స్థాపించిన 'మాతిత్సా స్రప్స్కా' అనే సాహిత్యసంస్థ 1864లో ఈ ఊరికి తరలివచ్చింది. మాతిత్సా అంటే తేనెపట్టులోని రాణి ఈగ. 1824లో మొదలైన వారి పత్రిక నేటికీ వెలువడుతోంది. వర్తకుల డబ్బు అని మరొకమారు గుర్తుచేస్తున్నాను. ఈ సభలో అంగళ్లవారు ముందువరుసలోనే ఉన్నారు. ఇప్పుడు ఆ నగరంలో సెర్బియనుతోపాటు హంగేరియన్, స్లోవాక్, రూసిన్ నుడులకూ అధికారభాషల హోదా ఉంది.

మన బడుల సంగతి చేదుగా ఉంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతినుండి ఏటేటా మెట్టెక్కుతూ పదో తరగతి పరీక్షదాకా వచ్చింది. మినహాయింపుకోసం కోర్టుల మెట్లు ఎక్కవలసివచ్చింది. తమిళం నేర్వడానికి మనకు అభ్యంతరం ఎన్నడూ లేదు. దానికోసం తెలుగు అక్షరాన్ని పిల్లవాడి పలకనుండి తుడిచివేయడమే మన బాధ. 2024లో కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్‌గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు మన పల్లెల్లో ఎందుకంత సంబరపడ్డామో బయటివారికి అర్థం కాకపోవచ్చు.

ఇక మా ఇంటి మాట. మా జేజినాయన నాటి భాగపరిష్కార పత్రం మా పెట్టెలో ఉంది, తెలుగులో రాసినది. మా మనవడు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతాడు, కానీ ఆ కాగితంలో తన ముత్తాత తండ్రి పేరు ఎక్కడుందో చూపలేకపోయాడు. ఆదివారాలు కూర్చోబెట్టి అక్షరాలు చెప్పాను. రెండు నెలలకు హద్దులు చదివాడు: తూర్పున చెరువుకట్ట, పడమట బండిబాట. ఆపైన వేలు పెట్టి ఆగి, 'జేజీ, బావిదారి రెండు భాగాలకూ ఉమ్మడి అని ఉందే!' అన్నాడు. ఆ దారికోసమే దాయాదులమూ మేమూ తొమ్మిదేళ్లుగా మాటలు మానుకొని ఉన్నాము. ఆ కాగితం అంతకాలమూ మా పెట్టెలోనే ఉంది. దాన్ని తీసి చదవాలన్న తలపు నాకూ రాలేదు.

ఇప్పుడు మా వసారాలో ఆదివారాలు ఆరుగురు పిల్లలు కూర్చుంటున్నారు. దాయాదుల బిడ్డలు ఇద్దరు అందులో ఉన్నారు. మీ పెట్టెల్లోని కాగితాలు కూడా తెండి, చదివిద్దాం.