గాజుపెట్టెలో పాము

మన దేశపు పాములను ఇంట పెంచుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఒప్పదు. మేము చెప్పబోవునది, అమెరికా ఆగ్నేయ ప్రాంతమునకు చెందిన, విషము లేని కార్న్ స్నేకును అచ్చటివారు గాజుపెట్టెలో పెంచు తీరు.

పాము తన ఒంటికి కావలసిన వేడిని తాను పుట్టించుకొనలేదు. వెచ్చనిచోటికో చల్లనిచోటికో ప్రాకి సవరించుకొనును. కావున పెట్టెలో ఒక కొన సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడును, రెండవ కొన 24 డిగ్రీలును ఉండవలెను. దాగుటకు గూడు రెండు కొనలందును కావలెను. చల్లని కొననే ఉన్నచో, బెదరిన పాము చలికైనను ఓర్చి అందే ముడుచుకొనియుండును, తిన్నది అరుగదు. చూచువారి ముచ్చటకై నలువైపుల గాజు విడిచిపెట్టుదురు గాని, మూడు వైపుల మూసిననే దానికి నెమ్మది.

మూతకు గొళ్లెము మరువరాదు: తల దూరిన సందున ఒడలెల్ల దూరును. వేడిపలకకు థర్మోస్టాటు తప్పనిసరి. అది లేనిచో, క్రింద పొట్ట కాలుచున్నను పాము తొలగకపోవచ్చును.