పోగొట్టుకున్న చోటే వెతుక్కుంటే

(పొదిలి రైతు సమావేశంలో మా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొగాకు ధర గురించి, మిర్చి గురించి మాట్లాడతామని మీరొచ్చారు. మాట్లాడతాం. ముందు ఇంకో సంగతి చెప్పాలి. ఊళ్లు తిరిగి అప్పుల లెక్కలు రాసుకుంటున్నప్పుడు విత్తనం, మందులు, కౌలు, బోరు అన్నీ చెబుతారు. కొన్ని ఇళ్లలో ఆ పద్దులన్నీ కూడినా అప్పు మొత్తానికి సరిపోవు. తేడా ఎక్కడిదని అడిగితే మగవాళ్లు నేల చూపులు చూస్తారు, ఆడవాళ్లు లోపలికెళ్లిపోతారు. ఆ తేడా పేకముక్కలది, క్రికెట్ పందేలది, ఫోన్‌లో రమ్మీది.

మా సభ్యుడొకతను, పేరు చెప్పం. వేలంలో బేళ్లు అమ్మాడు. బ్యాంకు బాకీ పోగా మిగిలింది ఖాతాలో పడింది. ఆ సాయంత్రం టీ బంకు దగ్గర కూర్చుని ఫోన్‌లో రెండు వేలతో మొదలుపెట్టాడు. అవి పోయాయి. అక్కడ లేచుంటే రెండు వేలతో పోయేది. "పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి గదన్నా" అని తర్వాత మాతో అన్నాడు. తెల్లారేసరికి ఖాతాలో నాలుగు వందలున్నాయి.

ఆ సామెత మన చేలో చెల్లుతుంది. ఈ ఏడు పంట పోయినా వేసిన పశువుల ఎరువు భూమిలోనే ఉంటుంది, తగిలిన దెబ్బ నుంచి ఏదో ఒకటి నేర్చుకుంటాం. పేకలో పోయింది ఎక్కడా నిలవ ఉండదు. కోతముక్క ఆడేవాళ్లు "నాలుగుసార్లు బయట పడింది, ఈసారి లోపలే" అని పందెం రెట్టింపు చేస్తారు. కలిపి వేసిన పేకకు వెనకటి ఆట గుర్తుండదు. 1913 ఆగస్టు 18న మాంటెకార్లో జూదశాలలో చక్రం తిప్పితే వరసగా 26 సార్లు నలుపే పడింది. ఈసారి ఎరుపే, ఈసారి ఎరుపే అనుకుంటూ అక్కడి షావుకార్లంతా నిలువునా మునిగారు. చదువుకూ డబ్బుకూ దీంతో సంబంధం లేదు.

ఇంకోటి, ఒక్క ముక్కలో తప్పిపోవడం. మన మెట్ట ప్రాంతంలో బోర్లు వేయించిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. తడి మట్టి రాగానే "ఇంకో యాభై అడుగులు" అంటాం. బోరులోనైతే ఆ తడి ఒక ఆనవాలు, దాన్ని నమ్మడానికి కొంత కారణముంది. రమ్మీలో ఒక్క ముక్క తగ్గడం దేనికీ ఆనవాలు కాదు, అది ఓటమే. కానీ మనసు దాన్ని సగం గెలుపుగా రాసుకుంటుంది. మెదడును పరీక్షించి చూసిన శాస్త్రజ్ఞులూ ఇదే చెప్పారు.

రమ్మీలో నైపుణ్యముందని 1967లో సుప్రీంకోర్టు అన్నది మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. కంపెనీలు ఆ మాట పట్టుకుని ఏళ్లపాటు వ్యాపారం చేశాయి. ఆడేవాడూ అదే పట్టుకుంటాడు. గెలిస్తే నా తెలివి అంటాడు, ఓడితే ముక్కలు పడలేదంటాడు. అలా లెక్క వేసుకుంటే ఎన్నేళ్లు ఆడినా తన ఆట మంచిదే!

బుద్ధిలేనోళ్లే ఆడతారనే మాట మాత్రం మేము ఒప్పుకోం. మిర్చి 2023లో ఇరవై వేలు దాటింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని ప్రకటించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. ఏడాది కష్టానికి ఫలితం ఇలా ఊగుతుంటే, ఒక్క రాత్రిలో తీరిపోతుందన్న ఆశ రైతుకు పుట్టడం వింత కాదు. గిట్టుబాటు ధర కోసం మనం చేసే పోరాటం దీనికీ మందే. కానీ అది వచ్చేదాకా ఇల్లు నిలవాలి.

వెనక పేకాడాలంటే తోపు దాకా నడవాలి, నలుగురు కలవాలి, జేబులో రొక్కం ఉండాలి. ఆ నడకలో సగంమంది మనసు మార్చుకునేవాళ్లు. ఇప్పుడు కోరిక పుట్టడానికీ డబ్బు పోవడానికీ మధ్య వేలి నొక్కే అడ్డం. ఆన్‌లైన్ జూదాన్ని మన రాష్ట్రం 2020లో నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటూ చట్టం చేసింది. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. అయినా దొంగ దారులు ఉండనే ఉన్నాయి.

అందుకని ఆ నడకను మళ్లీ మనమే పెట్టుకోవాలి. వేలం డబ్బు పడగానే ఇద్దరి సంతకాలుంటేనే కదిలే ఖాతాకు మార్చండి. బ్యాంకుకెళ్లి ఫోన్‌లో పంపే పరిమితి తగ్గించమనండి. పందెం మీదికి మనసు పోయినప్పుడు ముందు ఒక మనిషికి ఫోన్ చేయండి, తర్వాత చూడొచ్చు. అక్కల్లారా, తిట్టి ఫోన్ పగలగొడితే దాచిపెట్టి ఆడతారు. లెక్క అడగండి. అమెరికా మానసిక వైద్యులు 2013లోనే దీన్ని తాగుడు వరసలో వ్యసనంగా చేర్చారు. అంటే వైద్యముంది. 14416 టెలి మానస్‌కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఇందాక చెప్పిన సభ్యుడు ఇక్కడే కూర్చునున్నాడు. ఈ సంగతి చెప్పమని అడిగింది కూడా అతనే. వేలం రోజుల్లో సాయంత్రం సంఘం ఆఫీసులో మేమిద్దరం ఉంటాం, మూడోవాడిగా అతనూ ఉంటానన్నాడు. పట్టీ తీసుకుని నేరుగా ఇంటికి పోలేమనిపించిన వాళ్లు అటు రండి. టీ మా ఖర్చే.