తొమ్మిదో నెల డోసు

నేడు పట్టా అందుకుంటున్న యువ వైద్యులారా, టీకా వేయించిన ప్రతి తల్లీ రేపు మిమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: “డాక్టరు గారూ, ఇది ఎన్నేళ్లు పనిచేస్తుంది?” న్యుమోకాకస్ బ్యాక్టీరియా టీకా విషయంలో దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పేవారిని నేను నమ్మను. తొలి డోసులతో పుట్టిన యాంటీబాడీలు కొద్ది నెలల్లోనే పలచబడతాయి. జ్ఞాపక కణాలు మిగులుతాయి కదా అంటారేమో. మిగులుతాయి, కానీ అవి మేల్కొని కొత్త యాంటీబాడీలు తయారుచేసేసరికి కొన్ని రోజులు గడుస్తాయి, ఈ బ్యాక్టీరియా రక్తంలోకి చొరబడటానికి అంత వ్యవధి అక్కర్లేదు. బ్రిటన్ ఈ సంగతి మరో జబ్బు దగ్గర తెలుసుకుంది. 1999లో సి రకం మెనింజోకాకస్ టీకాను శిశువులకు రెండు, మూడు, నాలుగు నెలలకు వేశారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో రక్షణ బాగా పడిపోయింది. 2006లో బూస్టర్ చేర్చక తప్పలేదు.

మన దేశంలో 2017లో కొన్ని ప్రాంతాల్లో మొదలై 2021లో అంతటా విస్తరించిన న్యుమోకాకస్ టీకా పీసీవీని ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు ఇచ్చి, తొమ్మిది నెలలకు బూస్టర్ వేస్తారు. బూస్టర్ అంత ముఖ్యమా అని అడిగేవారికి దక్షిణాఫ్రికా ఆధారం ఉంది, అది తేలికైనదీ కాదు. అక్కడి టీకా పరీక్షలో బూస్టర్ లేకుండానే హెచ్‌ఐవీ లేని పిల్లల్లో తీవ్ర వ్యాధి నుంచి రక్షణ ఆరేళ్లయినా నిలిచింది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో మాత్రం తరిగిపోయింది. అయితే బూస్టర్ పని ఒక్క బిడ్డతో అయిపోదు. ముక్కులో, గొంతులో ఈ బ్యాక్టీరియాను మోసి ఇతరులకు అంటించేది ఎక్కువగా నడక నేర్చిన వయసు పిల్లలే, బూస్టర్ అందేదీ ఆ వయసు ముంగిటే. 2000లో అమెరికా పసివాళ్లకు టీకా మొదలుపెట్టాక, అది వేయించుకోని ముసలివాళ్లలోనూ జబ్బు తగ్గింది. టీకాలో లేని 19ఏ లాంటి బ్యాక్టీరియా రకాలు తర్వాత పైకొచ్చిన మాట నిజమే. 2010లో దాన్నీ కలిపిన పదమూడు రకాల టీకా వచ్చింది. 2020లో బ్రిటన్ డోసులు తగ్గించలేదా అంటారా? తగ్గించింది. తీసేసింది తొలి డోసుల్లో ఒకదాన్ని, ఏడాదికిచ్చే బూస్టర్ జోలికి పోలేదు. అదీ, టీకాలో ఉన్న రకాల వ్యాప్తి బాగా అణగిన తర్వాత.

ఇక్కడి లెక్క వేరు. గురుగ్రామ్‌లో మేస్త్రీ పని ముగించి నోయిడాకు మారే కుటుంబం హరియాణా వదిలి ఉత్తరప్రదేశ్‌లో అడుగుపెడుతుంది, నడుమ ఢిల్లీది మరో ప్రభుత్వం. పద్నాలుగు వారాలకూ తొమ్మిది నెలలకూ మధ్య దాదాపు ఆరు నెలల ఖాళీ. ఇలా ఊరు మారే కుటుంబపు బిడ్డ మన లెక్కల్లోంచి జారిపోయేది ఆ ఖాళీలోనే. మీ ఓపీకి జలుబుతో వచ్చిన పది నెలల బిడ్డ కార్డులో బూస్టర్ గడి ఖాళీగా కనబడితే, మామూలు జలుబు టీకాకు అడ్డు కాదు. ఆ రోజే వేయించి పంపండి.