నీళ్లు ఎప్పుడు వదులుతారు?

(రేడియో ప్రసంగ పాఠం. వాక్యభాగం: యెహెజ్కేలు 33:1-6)

 

ఈ రోజు ఒక చేపల వేట సంగతితో మొదలుపెడతాను. పేతురు చేపలు పడితే అర్థముంది గాని మా అయ్యగారికి గాలమెందుకు అని మా సంఘంవాళ్లు ఇప్పటికే నవ్వారు. మీరూ నవ్వండి, ఫరవాలేదు.

2023 జూలైలో అమెరికాలోని అట్లాంటా పట్టణంలో మన తెలుగు విశ్వాసుల కూటాలకు వెళ్లాను. శుక్రవారం రాత్రి కూటం అయిపోయింది. ఆదివారం ఆరాధన ఉంది. మధ్యలో శనివారం ఖాళీ. అక్కడి యౌవనస్థులు నలుగురు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, రేపు మిమ్మల్ని ట్రౌట్ చేపలు పట్టడానికి తీసుకువెళతాం" అన్నారు. ఆ చేప పేరు వినడమే గాని నేనెన్నడూ చూసింది లేదు. మన కృష్ణలో బొచ్చె తెలుసు, చెరువులో కొర్రమీను తెలుసు. ట్రౌట్ చల్లటి నీళ్ల చేప. నీళ్లు 20 డిగ్రీలు దాటితే అల్లాడిపోతుంది. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్, నీలగిరులు వంటి చల్లటి చోట్లనే బ్రతుకుతుంది.

అట్లాంటాలో జూలై నెల ఎలా ఉంటుందో తెలుసా? గుంటూరు అంత కాకపోయినా చొక్కా తడిసిపోయే ఎండ. మరి అక్కడి నదిలో ట్రౌట్ ఎలా ఉందని అడిగాను. ఒక తమ్ముడు వివరంగా చెప్పాడు. ఊరికి ఉత్తరాన చట్టహూచీ అనే నది మీద బ్యుఫోర్డ్ డ్యామ్ అని ఒక ఆనకట్ట ఉంది. 1956లో పూర్తయింది. మన నాగార్జున సాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ గారు పునాదిరాయి వేశారు గనుక రెండూ ఇంచుమించు ఒక్క తరం ఆనకట్టలే. డ్యామ్ వెనుక లేనియర్ అనే పెద్ద సరస్సు, డ్యామ్ దగ్గర వంద అడుగులకు పైగా లోతు. పైన నీళ్లు ఎండకు వేడెక్కుతాయి, అడుగు నీళ్లకు ఎండ తగలదు. కరెంటు తయారుచేయడానికి ఆ అడుగు నీళ్లనే వదులుతారు. అందువల్ల డ్యామ్ కింద నది మండు వేసవిలో కూడా ఇంచుమించు 10 డిగ్రీల చల్లదనంతో ప్రవహిస్తుంది. డ్యామ్ కట్టకముందు ఆ చోట ట్రౌట్ లేదు. ఇప్పుడు ప్రభుత్వం వారే పిల్లలను పెంచి నదిలో వదులుతారు.

ప్రియులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ చేపను బ్రతికించేదీ, ఆ నదిలో దిగిన మనిషిని చంపగలిగేదీ ఒకే నీళ్లు. డ్యామ్ నీళ్లు వదలకపోతే ట్రౌట్ లేదు. వదిలే వేళకు మనిషి మధ్యలో నిలబడి ఉంటే మనిషి లేడు.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద వాళ్లు ఒక కాగితం పెట్టి ప్రణాళిక రాశారు. నాకు ఒక్కరోజు చేపల లైసెన్సు, దానితో పాటు ట్రౌట్ లైసెన్సు. రబ్బరు పాంట్లు, ఛాతీ దాకా వచ్చేవి. గాలపు కర్రలు ఐదు. ఈకలతో, దారంతో కట్టిన దొంగ పురుగులు ఒక డబ్బా. లైఫ్ జాకెట్లు, డ్యామ్ నుండి కింది రహదారి వంతెన వరకు ఆ నదిలో అవి తప్పనిసరి, అక్కడ అది చట్టం. ఎనిమిదింటికి నీళ్లలో దిగడం. పన్నెండింటికి ఒడ్డుకు రావడం. ఒంటిగంటకు బిర్యానీ. బిర్యానీ ఎవరు తేవాలి, పెరుగు చట్నీ ఎవరు తేవాలి అనేదాని మీద అరగంట చర్చ జరిగింది. మన తెలుగువాళ్లం ఎక్కడికి వెళ్లినా అంతే కదా!

ఆ ఇంటి పెద్దాయన హైదరాబాదువారే, ముప్పై ఏళ్లుగా అక్కడ ఉన్నారు. అంతా విని ఒకే ప్రశ్న అడిగారు. "బాబూ, రేపు నీళ్లు ఎప్పుడు వదులుతారు?"

ఎవరూ మాట్లాడలేదు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. అది లేదు.

డ్యామ్ వారి నంబరు ఒకటి ఉంది. ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతు మరునాటి వేళలు చెబుతుంది. స్పీకరు పెట్టి విన్నాం. మరునాడు నీళ్లు వదిలేది ఉదయం తొమ్మిదింటికి! మా కాగితం ప్రకారం ఆ వేళకు ఐదుగురం నడుము లోతులో నిలబడి ఉండేవాళ్లం. ఇంకొక మాట కూడా వాళ్లు చెబుతారు, ఈ వేళలు ముందు చెప్పకుండానే మారవచ్చునని. కరెంటు అవసరం ఎప్పుడు పెరిగితే అప్పుడు వదులుతారు. అందుకే డ్యామ్ దగ్గర హారన్లు పెట్టారు. నీళ్లు వదిలేముందు మోగుతాయి. కొద్ది నిమిషాల్లోనే నది కొన్ని అడుగులు లేస్తుంది.

యాకోబు భక్తుడు తన పత్రిక 4వ అధ్యాయం 13 నుండి 15 వచనాలలో ఇటువంటి కాగితాన్ని గురించే రాశాడు. ఫలానా ఊరు వెళదాం, ఏడాది ఉందాం, లాభం సంపాదిద్దాం అని లెక్క వేసుకున్నవారి ప్రణాళికలో తప్పు లేదు. రేపటిని వదిలేవాడు ఎవరో వాళ్లు అడగలేదు, అంతే. ప్రణాళిక వేయవద్దని యాకోబు ఎక్కడా అనలేదు. ప్రార్థన చేశాం గదా, ఫోను ఎందుకు అనే విశ్వాసులు ఉన్నారు. నన్నడిగితే ప్రార్థన చేయాలి, ఫోనూ చేయాలి.

కాగితం చించి మరొకటి రాశాం. ఆరున్నరకు దిగడం, ఎనిమిదిన్నరకు బయటికి రావడం. బిర్యానీ మాత్రం ఒంటిగంటకే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బియాస్ నది జ్ఞాపకం వచ్చింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2014 జూన్ 8, ఆదివారం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి వారం కూడా కాలేదు. హైదరాబాదు ఇంజనీరింగు కాలేజీ పిల్లలు విహారయాత్రకు మనాలి వెళుతూ, సాయంత్రం హిమాచల్‌లోని మండి జిల్లా తలౌట్ దగ్గర ఆగారు. ఫొటోలు దిగుదామని నదిలోని బండల మీదకు వెళ్లారు. నీళ్లు చీలమండలు దాటలేదు. పైన లార్జీ డ్యామ్ నుండి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వారితో వెళ్లిన టూరు మనిషి ఒకరు కొట్టుకుపోయారు. శవాల కోసం వారాల తరబడి వెదికారు. ఆ లార్జీ కూడా ట్రౌట్‌కు పేరున్న చోటే. తీర్థన్, సైంజ్ నదులు అక్కడే బియాస్‌లో కలుస్తాయి.

మాకు హెచ్చరిక ఏదీ వినబడలేదని బ్రతికి బయటపడిన పిల్లలు చెప్పారు. ఆ వారం మా సంఘంలో ప్రార్థన పెట్టాం. ఒక తల్లి లేచి, "అయ్యగారూ, అంతమంది పెద్దలున్నారు గదా, ఒక్కరైనా ఒక్క కేక వేయలేదా?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

తెల్లవారింది. నదికి వెళ్లాం. ఒక తమ్ముడు పన్నెండేళ్ల కుమారుణ్ణి వెంట తెచ్చాడు. తల్లి వాడిని నీళ్లలో దిగనివ్వలేదు. అందుకు వాడికి ఒక పని అప్పగించాం. నీటి అంచున ఒక తెల్ల రాయి చూపించి, "ఇది తడిస్తే కేక వెయ్యాలి. నీళ్లలో ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకువచ్చినా కేక వెయ్యాలి. హారన్ వినబడినా కేక వెయ్యాలి" అన్నాం. వాడు రెండు గంటలు ఆ రాయి దగ్గర నుండి కదల్లేదు.

నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే రబ్బరు పాంటులోంచి కూడా ఎముకలు జివ్వుమన్నాయి. ఎనిమిదిన్నర దాకా నాకు ఒక్క చేప పడలేదు. మిగతావాళ్లు బయటికి వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. సరిగ్గా అప్పుడే దారం లాగింది! ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అనుకుంటూ పావుగంట నిలబడ్డాను. అంతలో దూరంగా కూత వినబడింది. ఏదో రైలు అనుకున్నాను. ఒడ్డు మీద నుండి ఆ పిల్లవాడు గొంతు చించుకొని అరుస్తున్నాడు. "పాస్టర్ అంకుల్, రా! బయటికి రా! రా!"

వాడి తెలుగు ఇంట్లో విని నేర్చుకున్నది. అండి, గారు వాడికి అంతగా రావు. నేను గాలం వదిలేసి వచ్చాను. ఒడ్డెక్కి వేడి టీ తాగుతుండగానే ఆ తెల్ల రాయి కనబడకుండా పోయింది. నేను నిలబడిన చోట నది గోధుమరంగులో ఉరుకుతోంది. అప్పుడు ఆ తల్లి కుమారుణ్ణి మందలించింది, "అయ్యగారిని రా అంటావా?" అని. నేను వాడి తల మీద చెయ్యి పెట్టి ఏడ్చాను.

ఇప్పుడు యెహెజ్కేలు 33వ అధ్యాయానికి రండి. ప్రజలు తమలో ఒకణ్ణి కావలివాడిగా పెట్టుకుంటారు. ఖడ్గము వస్తున్నట్టు చూసి అతడు బూర ఊదితే, విని లెక్కచేయనివాని చావుకు వాడే బాధ్యుడు. కాని కావలివాడు చూసి కూడా ఊదకపోతే, చచ్చినవాని రక్తమునకు దేవుడు కావలివాణ్ణి లెక్క అడుగుతాడు. 6వ వచనం చదివిన ప్రతిసారీ నా చేతులు చూసుకుంటాను. ఎందుకో చెబుతాను. ఆ కుటుంబం అనుమతితోనే, పేర్లు లేకుండా చెబుతున్నాను.

కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘంలో ఒక యౌవనస్థుడు ఉండేవాడు. కీబోర్డు బాగా వాయించేవాడు. ఫోనులో క్రికెట్ పందాలు కాస్తున్నాడని, అప్పుల్లో ఉన్నాడని వాడి స్నేహితుడు వచ్చి నాతో చెప్పాడు. వాడి తండ్రి సంఘపెద్ద, నాకంటే వయసులో పెద్దవాడు, సంఘ కాపరిగా నన్ను ఆ ఊరికి పిలిచినవాడు. ఎలా చెప్పాలి? సమయం చూసి చెబుదాం అనుకున్నాను. ఒక సాయంత్రం చెప్పాలనే వాళ్లింటికి వెళ్లాను. కొత్త స్కూటరుకు ప్రార్థన చేయమన్నారు. చేశాను. కాఫీ ఇచ్చారు. తాగాను. వచ్చేశాను. మరో రెండుసార్లు అలాగే బయలుదేరి వెనక్కి తిరిగాను. మూడు నెలలకు పొలం కాగితాలు తాకట్టులో ఉన్నాయని తెలిసింది. ఆ రాత్రే అబ్బాయి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు.

నాకు ముందే తెలుసునని తరువాత నేనే వెళ్లి ఒప్పుకున్నాను. ఆ పెద్దాయన చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. "అయ్యగారూ, తెలిసి మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లారా?" అన్నాడు. ఆ మాట నన్ను ఈ రోజుకూ వదలలేదు. నేను మర్యాద చూసుకున్నాను. ఆ నది ఒడ్డున పన్నెండేళ్ల పిల్లవాడు చూసుకోలేదు.

శ్రోతలారా, ఆ నది గురించి ఇంకొక సంగతి చెప్పాలి. హారన్ డ్యామ్ దగ్గరవాళ్లకే వినబడుతుంది. కొన్ని మైళ్లు దిగువన ఉన్నవాళ్లకు కూత వినబడదు, నీళ్లు మాత్రం గంటల తరువాత వస్తాయి. పైన ఆకాశం నీలంగా ఉంటుంది, పక్షులు కూస్తూ ఉంటాయి. వాళ్లకు ఎవరైనా ఫోను చేసి చెప్పాలి. ఇంట్లో సాయంత్రాలు తలుపు వేసుకుంటున్న పిల్ల గురించి పక్కింటి అమ్మకు తెలుసు, కన్నతల్లికి తెలియదు. తాగి బండి నడుపుతున్న అల్లుడి సంగతి తోడల్లుడికి తెలుసు, మామగారికి తెలియదు. మనకెందుకులే, వాళ్లేమనుకుంటారో అంటున్నామా? ఇది వింటుండగా మీకు ఒక పేరు జ్ఞాపకం వస్తే, నా ప్రసంగం అయ్యేవరకు ఆగవద్దు. రేడియో కట్టేసి వెళ్లండి. చాడీగా పదిమందిలో కాదు, ఆ మనిషి దగ్గరకే వెళ్లండి.

ఆ కీబోర్డు అబ్బాయి ఇంకా ఇంటికి రాలేదు. వాడి తల్లి ప్రతి ఆదివారం చివరి వరుసలో, గుమ్మం కనబడేలా కూర్చుంటుంది. బాబూ, నువ్వు ఏ ఊళ్లో, ఏ గదిలో ఈ రేడియో వింటున్నావో నాకు తెలియదు. అప్పు మీ నాన్నగారు తీర్చేశారు. పొలం కాగితాలు ఇంటికి వచ్చాయి. నీ మీద కోపం లేదని చెప్పమన్నారు. నీ కీబోర్డుకు మీ అమ్మగారు గుడ్డ కప్పి ఉంచారు. వచ్చెయ్యి.

ప్రార్థన చేద్దాం. పరిశుద్ధుడవైన తండ్రీ, బియాస్ నది ఒడ్డున పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులను ఈ ఉదయం నీ చేతికి అప్పగిస్తున్నాము. ప్రతి డ్యామ్ దగ్గర మీటలు పట్టుకున్న ఉద్యోగులకు మెలకువ దయచేయుము. చూసి కూడా ఊరకున్న నన్ను క్షమించుము. ఆ బిడ్డ ఎక్కడ ఉన్నా ఇంటికి నడిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.