ఆరంభము, కొనసాగింపు, ముగింపు: ఇంగ్లీషు మాటల తీరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభ సందర్భమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. గ్రంథాలయోద్యమమును గూర్చియు, ఈ సంస్థ పుట్టు పూర్వోత్తరములను గూర్చియు పెద్దలు ఇదివరకే చక్కగా చెప్పియున్నారు. నేను జీవితమంతయు పిల్లలకు ఇంగ్లీషు నేర్పి పొట్ట పోసికొన్నవాడను. కావున నాకు తెలిసిన విషయమునే ఎన్నుకొంటిని. ఒక పని మొదలగుట, సాగుట, ముగియుట అను మూడు దశలను ఇంగ్లీషువారు ఏ మాటలతో చెప్పుదురు, ఆ మాటలయందు మనము ఎచ్చట పొరబడుదుము అనునదియే నా ప్రసంగ విషయము. రజతోత్సవమునకును దీనికిని సంబంధమేమని మీకు తోచవచ్చును. సంబంధము కలదు. దానిని చివర మనవి చేసెదను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకొందును. నేను స్కూలు ఫైనలు ప్యాసయిన ఏట మా వీథిలో ఇంగ్లీషున అర్జీ వ్రాయగలవాడను నేనొక్కడనే. ఆ సంగతి నాకు బాగుగా తెలియును. పదిమందికి తెలియజేయు వేడుకయు ఉండెను. మా ఇంటికి నాలుగిండ్ల అవతల ఒక వృద్ధురాలు ఉండెడిది. ఆమె భర్త సైన్యమున పనిచేసి కాలము చేసెను. నెలనెల వచ్చు పింఛనే ఆమెకు ఆధారము. ఒకప్పుడు రెండు నెలలు వరుసగా అది రాలేదు. ఆమె నాయొద్దకు వచ్చి, "నాయనా! పైకం ఆగిపోయింది. ఒక అర్జీ రాసిపెట్టు" అనెను. అర్జీ యన్న తరువాత "ఐ" అని మొదలు పెట్టవలెననునది నాకు తెలిసిన ఏకైక నియమము. "ఐ హావ్ స్టాప్డ్ మై పెన్షన్" అని దిట్టముగా వ్రాసి, ఆమెచే వ్రేలిముద్ర వేయించి పంపితిని.

నెలకు జాబు వచ్చినది. "మీ పింఛనును మీరే నిలిపివేసికొన్నట్లు వ్రాసితిరి, అందులకు గల కారణమును తెలుపవలసినది" అని దాని సారాంశము. నేను దానిని తెలుగులో చెప్పగా ఆమె కొంతసేపు నా ముఖము చూచి, "ఆగడం వేరు, ఆపడం వేరు, మానడం వేరు గదా నాయనా! నా పైకం నేనెందుకు ఆపుకుంటాను? వాళ్ళ బాసలో ఇవి లేవా?" అనెను. మరల వ్రాసి, మరల జాబు వచ్చి, పైకము చేతికందుసరికి ఇంకను మూడు నెలలు పట్టినది. ఈలోగా ఆమె తన యింటి ఇత్తడి బిందెను అమ్ముకొన్నది. నన్ను ఒక్కమాట అనలేదు. అనకుండుటయే నాకు శిక్ష అయినది.

ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే నేను ఇంగ్లీషు నేర్చితిని అనిన అతిశయోక్తి కాదు. తెలుగున ఆగు, ఆపు, మాను, మాన్పు అని నాలుగు క్రియలు కలవు. బండి ఆగును, బండివాడు దానిని ఆపును, ఒకడు చుట్ట త్రాగుట మానును, వైద్యుడు వానిచే మాన్పించును. పని తానే నిలిచెనా, ఒకరు నిలిపిరా, తన ఇష్టమున విడిచెనా అను భేదము క్రియలోనే యున్నది. ఇంగ్లీషున ఈ నాలుగింటికిని "స్టాప్" అను ఒక్కమాటతో పని జరిగిపోవును. అయితే భేదము లేకపోలేదు. దానికి ముందు ఎవరు నిలిచిరి, వెనుక ఏమి వచ్చినది అను దానినిబట్టి అర్థము తేలును. "ద పెన్షన్ స్టాప్డ్" అనిన పైకము ఆగినది. "ఐ స్టాప్డ్ ద పెన్షన్" అనిన నేను ఆపితిని. మాటలు అవియే, చోటు మారినది. ఆ చోటు మారుటకే ఒక బిందె అమ్ముడుపోయినది.

కనుక ఇంగ్లీషు క్రియను ఒంటిగా నేర్చుట దండుగ. మనము ఎద్దును కొనునప్పుడు దాని జోడు ఏదియో చూచి కొందుము గదా! ఈ క్రియలను గూడ వాని జోడుతో సహా ఇంటికి తెచ్చుకొనవలెను.

ఇక మొదటి దశ. ఆరంభమునకు ఇంగ్లీషున ముఖ్యముగా మూడు మాటలు: బిగిన్, స్టార్ట్, కమెన్స్. "బిగిన్" వారి ఇంటి మాట. "కమెన్స్" ఫ్రెంచివారి ద్వారా వచ్చినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప కొన్ని వందల సంవత్సరములు కచేరీలందును, దర్బారులందును ఫ్రెంచి పలుకుబడి సాగెను. అందుచే ఆ మాటకు నేటికిని కచేరీ వాసన పోలేదు. మన రాజ్యాంగమునందు 394వ అధికరణము చూడుడు. కొన్ని అధికరణములు వెంటనే అమలులోనికి వచ్చుననియు, తక్కినవి 1950 జనవరి 26న వచ్చుననియు చెప్పి, ఆ దినమును రాజ్యాంగపు "కమెన్స్‌మెంట్" అని పేర్కొన్నారు. అచ్చట "బిగినింగ్" అని వ్రాయలేదు. శాసనము అమలులోనికి వచ్చుటకు అదియే తగిన మాట. కాని భోజనమునకు కూర్చుండి "లెటజ్ కమెన్స్" అనినచో నవ్వుదురు.

"స్టార్ట్" అను మాటకు పూర్వార్థము ఎగిరిపడుట. ఇప్పటికిని చప్పుడు విని ఉలికిపడిన వానిని గూర్చి "హీ స్టార్టెడ్" అందురు. ఉన్నచోటినుండి కదలుట దాని స్వభావము. అందుచేతనే నూతి యింజనును "స్టార్టు" చేయుదుము గాని "బిగిన్" చేయము. ఉదయము ఆరు గంటలకు ఊరినుండి బయలుదేరితిమి అనుటకు "వి స్టార్టెడ్ ఎట్ సిక్స్" అనవచ్చును. "బిగాన్" అనిన చెల్లదు. మన పల్లెలలో చదువురాని పాలేరు గూడ "ఇంజను స్టార్టయింది" అని సరిగా అనుచున్నాడు. చదివినవారమే తడబడుచున్నాము.

రెండవ దశ కొనసాగింపు. ఇచ్చట జోడు మారినచో అర్థమే తలక్రిందులగును. "హీ వెంట్ ఆన్ రీడింగ్" అనిన అతడు చదువుచున్న దానినే చదువుచు పోయెను. "హీ వెంట్ ఆన్ టు రీడ్ లా" అనిన ఒక చదువు ముగించి, పిమ్మట న్యాయశాస్త్రము చదివెను. మొదటిదానిలో పని అదియే. రెండవదానిలో పని మారినది. "కీప్" అను మాట ఇంకను చమత్కారమైనది. "షి కెప్ట్ హిమ్ రీడింగ్" అనిన ఆమె అతనిచే చదివించుచునే యుండెను. నడుమ "ఫ్రమ్" అను చిన్నమాటను చేర్చి "షి కెప్ట్ హిమ్ ఫ్రమ్ రీడింగ్" అనుడు. ఆమె అతనిని చదువనీయలేదు! ఒక్క చిన్నమాట తల్లిని గురువుగాను చేయును, అడ్డుగోడగాను చేయును.

"కంటిన్యువస్", "కంటిన్యువల్" అను జంటను గూడ గమనింపుడు. తెగక సాగునది మొదటిది. ఆగి ఆగి మరల మరల వచ్చునది రెండవది. లాకులు ఎత్తిన కాలువలో నీరు కంటిన్యువస్. రాత్రి పొలిమేరలో నక్కల కూత కంటిన్యువల్. నడుమ తెగిన పనిని తిరిగి చేపట్టుట "రెజ్యూమ్".

మూడవ దశ ముగింపు. "స్టాప్" అనుదానికి మూలార్థము కన్నము మూయుట. సీసా బిరడాను "స్టాపర్" అనుట అందువలననే. పారుచున్నదానిని మూసినట్లు, జరుగుచున్నదానిని నిలుపుట "స్టాప్". పని సగములో నున్నను చెల్లును. "ఫినిష్" అట్లు కాదు, తుది ముట్టవలెను. "ఐ స్టాప్డ్ రీడింగ్ ద బుక్" అనువాడు పుస్తకమును ముడిచిపెట్టెను. "ఐ ఫినిష్డ్ రీడింగ్ ద బుక్" అనువాడు కడపుట దాక చదివెను. మన లైబ్రేరియనుగారికి పుస్తకము తిరిగి యిచ్చువారిలో ఈ రెండు తెగలవారును కలరు. ఇక "హీ స్టాప్డ్ టు రీడ్" అనినచో చదువు మానెనని కాదు. దారిన పోవుచు చదువుటకై ఆగెనని అర్థము. గోడమీది ప్రకటన చూచి నిలిచినవాడన్నమాట. "సీజ్" అనునది గంభీరమైన మాట. కాల్పుల విరమణకు "సీజ్‌ఫైర్" అందురు. 1949 జనవరి 1న కాశ్మీరమున యుద్ధము నిలిచినప్పుడు పత్రికలకెక్కిన మాట అదియే.

ఇంక "ఫినిష్", "కంప్లీట్" అను రెండింటి భేదము నాకు చాలకాలము బోధపడలేదు. తుదకు దానిని నాకు బోధించినది ఇంగ్లీషు వ్యాకరణము కాదు, మన భారతము. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున ఆంధ్ర మహాభారతమును ఆరంభించెను. ఆది, సభా పర్వములు ముగిసినవి. అరణ్యపర్వము నడుమ నిలిచిపోయినది. పదుమూడవ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని కడపటి వరకు పదునైదు పర్వములు రచించెను. పిమ్మట ఎఱ్ఱన అరణ్యపర్వ శేషమును పూరించెను. దీనిని ఇంగ్లీషున ఎట్లు చెప్పవలెను? నన్నయ "బిగాన్". తిక్కన "ఫినిష్డ్", కథ తుది ముట్టినది గదా! అయినను గ్రంథమున వెలితి యుండెను. ఎఱ్ఱన దానిని "రెజ్యూమ్" చేసి "కంప్లీట్" చేసెను. "ఫినిష్" అనిన కొస ముట్టుట. "కంప్లీట్" అనిన వెలితి లేకుండుట. ఆ మాటకు లాటినున నింపుట అని మూలార్థము. మన "పూర్తి" అను మాటకును సంస్కృతమున నింపుట యనియే అర్థము. దూర దేశముల భాషలు రెండును ఒకే ఊహపై నిలిచినవి.

ఇంగ్లీషువారి మహానిఘంటువు కథయు ఇట్టిదే. ఆక్స్‌ఫర్డు నిఘంటువునకు 1857లో సంకల్పము జరిగెను. 1879లో జేమ్స్ మర్రే సంపాదకత్వము స్వీకరించెను. 1884లో మొదటి భాగము వెలువడెను. 1915లో మర్రే మరణించెను. ఇతర సంపాదకులు సాగింపగా 1928లో తుది భాగము వచ్చెను. ఆరంభించినవాడు ముగింపు చూడలేదు. అయినను పని ఆగలేదు.

ఇక మన తెలుగువారు తరచుగా చేయు పొరపాటు ఒకటి చెప్పి ముగించెదను. "పదేండ్లుగా చదువుచున్నాను" అనుట తెలుగున నిర్దుష్టము. దానిని యథాతథముగా "ఐ యామ్ రీడింగ్ సిన్స్ టెన్ ఇయర్స్" అనుట ఇంగ్లీషున తప్పు. "ఐ హావ్ బీన్ రీడింగ్ ఫర్ టెన్ ఇయర్స్" అనవలెను. కాలపరిమాణమునకు "ఫర్", మొదలైన దినమునకు "సిన్స్". "హావ్ బీన్" అను రెండు మాటలలో మూడు సంగతులు ఇమిడియున్నవి: ఎప్పుడో మొదలైనది, నడుమ తెగలేదు, ఇంకను ముగియలేదు.

ఇప్పుడు రజతోత్సవముతో సంబంధము చెప్పెదను. మన గ్రంథాలయమును గూర్చి ఇంగ్లీషున ఒక్క వాక్యము వ్రాయవలసి వచ్చిన, "ద లైబ్రరీ హాజ్ బీన్ రన్నింగ్ ఫర్ ట్వెంటీ ఫైవ్ ఇయర్స్" అని వ్రాయుదును. "వాజ్ రన్నింగ్" అని వ్రాయు దినము రాకుండుట వ్యాకరణము చేతిలో లేదు. ప్రతి సాయంకాలము తలుపు తీయువారి చేతిలోను, పుస్తకము కొఱకు ఆ గడప దాటువారి చేతిలోను ఉన్నది.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. వారమున కొకనాడు చదువుకొన్న యువకులు ఇచ్చట ఒక బల్ల వేసికొని, చదువురానివారికి అర్జీలు వ్రాసిపెట్టెడి ఏర్పాటు చేయుడు. వ్రాసిన అర్జీని పంపుటకు ముందు, అందేమి వ్రాసితిమో తెలుగులో మాటకు మాటగా వారికి తిరిగి చెప్పి వినిపింపుడు. నేను ఆనాడు ఆ పని చేసియుండిన, "నా పింఛను నేను ఆపితిని" అని వినగానే ఆ తల్లి అక్కడికక్కడే నా చేయి పట్టుకొనెడిది. ఆమెకు అక్షరము రాదు. అయినను ఆ తప్పును పట్టగలిగినది మా ఊరిలో ఆమె యొక్కతెయే.

 నా ప్రసంగము "ఫినిష్" అయినది. "కంప్లీట్" అయినదని మాత్రము అనలేను. ఆ వెలితిని ఈ గ్రంథాలయములోని పుస్తకములు పూరించుగాక!