ఆకు పసరు - శాస్త్ర పరీక్ష



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములకు తూర్పున నల్లమల కొండలు నిలిచియున్నవి. ఆ అడవిలో నేలవేము, తిప్పతీగ, ఉసిరిక, కరక్కాయ మొదలగు ఓషధులు పెక్కులు కలవు. చెంచులును, నాటువైద్యులును వీనిని తరతరములుగా నెరుగుదురు. ఇట్టిచోట "ఈ ఆకు కాన్సరును మాన్పునట" యను మాట వినబడుట వింత గాదు. ఆ మాటను శాస్త్రజ్ఞు లెట్లు పరీక్షింతురో తెలిసికొనుట ప్రతి కుటుంబమునకు నవసరము.

మొదట మొక్క యేదో వృక్షశాస్త్రజ్ఞుడు నిర్ధారించును. ఒకే పేరు పలు మొక్కలకు వాడుకలో నుండును గదా! పిదప ఆకును నీడన నెండించి, పొడిచేసి, నీటిలోను ఆల్కహాలులోను నానబెట్టి సారమును తీయుదురు.

కోసిన వంకాయ గాలి తగిలి నల్లబడును. నిమ్మరసము పూసినచో ఆ నలుపు ఆలస్యమగును. ఆక్సిజన్ వలన గలుగు నిట్టి మార్పుల నడ్డు పదార్థములను యాంటీ ఆక్సిడెంట్లందురు. డి.పి.పి.హెచ్. అను ఊదారంగు ద్రావణమున సారమును కలిపినప్పుడు, ఊదా తగ్గి పసుపు తేలినకొలది ఆ శక్తి యధికమని గ్రహింతురు.

కాన్సరు పరీక్ష వేరు. గాజుపాత్రలో పెంచిన కాన్సరు కణములపై సారమును వేసి, ఎన్ని బ్రతికెనో లెక్కింతురు. అయితే కిరసనాయిలు పోసినను ఆ కణములు చచ్చును! కావున మంచి కణములకు గలుగు హానియు చూడవలెను. అటుపై జంతువులయందును, తుదకు మనుష్యులయందును పరీక్షలు జరిగి మేలుకీడులు తేలినగాని యది మందు కానేరదు.

ఇందుకు మన పెరటి బిల్లగన్నేరే సాక్షి. దాని యాకు కషాయము మధుమేహమునకు మంచిదని జమైకా ద్వీపమున వాడుక యుండెను. కెనడా శాస్త్రజ్ఞులు రాబర్ట్ నోబుల్, ఛార్లెస్ బీర్ పరీక్షింపగా చక్కెర తగ్గలేదు. ఎలుకల రక్తమున తెల్లకణములు తగ్గినవి. ఆ జాడ పట్టి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అను పదార్థమును వేరుచేసి ప్రకటించిరి. పిదప అదే మొక్కనుండి లభించిన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్తకాన్సరు చికిత్సలో ముఖ్యమైన మందయ్యెను. ఆకులో నిది అత్యల్పము. వైద్యులు దానిని శుద్ధిచేసిన రూపమున, కొలిచిన మోతాదులో, రక్తనాళముద్వారా మాత్రమే యెక్కింతురు. బిల్లగన్నేరు ఆకును నమలినచో విషమే గాని వైద్యము గాదు.

కనుక "ప్రయోగశాలలో కాన్సరు కణములను చంపెను" అను వార్త తొలిమెట్టే గాని గమ్యము గాదు. దానిని నమ్మి రోగి ఆరునెలలు పసరు త్రాగుచు కూర్చున్నచో, తొలిదశలో నయము కాదగిన గడ్డ చేయి దాటిపోవచ్చును. మానని పుండు, తగ్గని గడ్డ, కారణము తెలియని రక్తస్రావము కనబడినంతనే ఆసుపత్రికి పోవలెను. మూలిక వాడుచున్నచో ఆ సంగతి వైద్యునికి దాచరాదు; కొన్ని మూలికలు మందుల పనిని చెరుపును.

మూలికను హేళన చేయుట శాస్త్రము గాదు. పరీక్ష లేక నమ్ముటయు శాస్త్రము గాదు. నల్లమల యోషధులను కాపాడుకొనుచు, వాని గుణములను పరీక్షచే నిగ్గుదేల్చుటయే పెద్దల యెరుకకు నిజమైన గౌరవము.